డోరా నోరు తెరిచిన చోట

మగ్గం గుంటలోకి కాళ్లు దించుతున్నాను, తొక్కుడు చెక్కలు పాదాలకు తగలడం లేదు, ఇంకా దించుతుంటే నడుమూ భుజాలూ తలా కూడా దిగిపోయి, నేను ఒక సినిమా హాల్లో నేల తరగతిలో కూర్చుని ఉన్నాను. ఎదురుగా నేను మగ్గానికి బిగించిన నిలువు పోగుల పడుగే, తెల్లగా, గోడంత వెడల్పున, తెరలాగా ఉంది. గంజి వాసన వస్తున్నది, అందులోనే నారింజ పూల వాసన. హాలీవుడ్‌లో అప్పట్లో నారింజ తోటలుండేవని మా వీధి భావనారాయణ మాకు చదివి వినిపించే నవలలో ఉంది, అందుకని నాకు ఆశ్చర్యం కలగదు.

ముందు వరుసలో నా భార్య నాంచారమ్మ రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నది. చనిపోయి నెలలు దాటాయని నాకు తెలుసు, ఆ సంగతి ఆమెకు తెలుసో లేదో, అడగడానికి మొహమాటంగా ఉంది. రాట్నం తిరిగినంతసేపూ దాని చక్రం ఆకుల మధ్యనుంచి వెలుతురు వచ్చి పడుగు మీద పడుతున్నది, ఆ వెలుతురులో డోరా నడుస్తున్నది. మాటలు లేని సినిమాల కాలంలో పెద్ద తార, మా అమావాస్య నవలలో నాయిక.

అమావాస్యకు మా వీధిలో మగ్గాలు ఆపుతారు. ఆ మధ్యాహ్నం సంఘం అరుగు మీద భావనారాయణ నవల చదువుతాడు, మేం వింటాం, తరువాత తలా ఒక మాట చెప్పాలి. ఊళ్లో ఉండి ఒక్కరు రాకపోయినా పుస్తకం తెరవకూడదని కట్టుబాటు.

"ఎట్టా ఉందయ్యా బొమ్మ?" అంటుంది నాంచారమ్మ, తల తిప్పకుండానే.

"బాగుంది."

"అదుగో. భావనారాయణ అడిగినా బాగుందే, పులుసులో ఉప్పెయ్యడం మర్చిపోయినా బాగుందే. ఆ డోరాకీ నీకూ పెళ్లి చేసుంటే ఇల్లు ఎంత సద్దుమణిగి ఉండేదో!"

వెనక ఎవరో నవ్వుతారు. తిరిగి చూస్తే మా అరుగు మీది వాళ్లే, మొహాలు లేవు, కండువాలను బట్టి పోల్చుకుంటాను.

తెర మీద డోరా ఒక గదిలోకి వస్తున్నది, ఒంటి మీద నాంచారమ్మ పచ్చంచు చీర, నేను నేసినదే. మాటల సినిమాలొచ్చాయి, గొంతు బాగుంటేనే డోరాను ఉంచుతామన్నారు స్టూడియోవాళ్లు, పైనుంచి మైకు దిగుతున్నది, చూస్తే అది అడ్డంగా పోగు తీసుకుపోయే నా నాడె.

"కరెంటు మగ్గాలొచ్చాక మనల్ని చూసినట్టే చూస్తన్నారయ్యా ఆ పిల్లని" అంటుంది నాంచారమ్మ.

డోరా నోరు తెరుస్తుంది. అంతే, అట్లాగే ఆగిపోతుంది. నాంచారమ్మ బతికుండగా విన్న ఆఖరి అమావాస్య, భావనారాయణ చదువు ఆపింది అక్కడే.

"తర్వాత?"

"తెలవదు."

"ఇన్ని అమావాస్యలొచ్చినయ్‌గా?"

"నేను వెళ్లలేదు."

"ఏం, కాళ్లు పడిపోయినయ్యా?"

కిందికి చూస్తాను, నేల నీళ్లలాగా కదులుతున్నది, దాని మీద నారింజ పూలు తేలుతున్నాయి. మెలకువలో అయితే ఇక్కడితో మాట ఆపేసేవాణ్ణి.

"వెళ్తే చదువుతారు. చదివితే అయిపోద్ది."

"అయిపోతే?"

"నువ్వు వినకుండా అయిపోద్ది."

రాట్నం ఆగుతుంది. ఎప్పుడు లేచి వచ్చిందో, ఇప్పుడు నా పక్కనే ఉంది.

"ఇదా! ఇందుకా అంతమందిని పుస్తకం మూయించి కూచోబెట్టావు? వాళ్ల సంగతి పోనీ, అటు చూడు, ఆ పిల్ల నోరు తెరుచుకుని ఎన్నాళ్లు నిలబడాలి? దవడలు లాగవూ?"

నిజమే, డోరా పెదవులు వణుకుతున్నాయి.

"వెళ్లి విను. విని నాకు చెప్పు. బాగుంది అని కాదు. పలికిందా, ఎట్టా పలికింది, విని ఎవరు నవ్వారు, అంతా."

"నాకు చెప్పడం రాదు."

"నేర్చుకో. నీ బదులు మాట్లాడటానికి నేను లేనుగా ఇప్పుడు."

అంటే ఆమెకు తెలుసు. వేళ్లతో కండె కొస తెంపుతుంది, వెలుతురు సన్నబడి సన్నబడి ఒక్క పోగంత అవుతుంది, పచ్చంచు ఎవరి చీరదో, డోరాదో ఆమెదో, ఆ పోగు వెంట వెళ్లిపోతున్నది, పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరుస్తాను, గొంతు రాదు.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నపు ఎండ గుమ్మం దాకా వచ్చి ఉంది. వీధిలో ఒక్క మగ్గం చప్పుడూ లేదు. అమావాస్య.

"బాబాయ్, ఇయ్యాళ కూడా రావా?" అని బయట భావనారాయణ. ఎప్పట్లాగే జవాబు రాదనుకుని చెప్పులు ఈడ్చుకుంటూ కదిలాడు కూడా.

నా నోరు ఇంకా తెరిచే ఉంది.

"ఉండు, వస్తన్నా" అన్నాను. గొంతు బొంగురుగా వచ్చింది. బయట చెప్పుల చప్పుడు ఆగింది.