ఫిక్రీ నోరు విప్పని పావుగంట

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ మాట ఈజిప్టులోని రాస్ గారిబ్‌లో ఫిక్రీ దగ్గర అని చూడండి, మీదపడి కరుస్తాడు! అక్కడి చమురు బావుల దగ్గర ఇరవై రెండేళ్ళుగా రసాయనాలు కలుపుతున్నవాడు ఆయన. ఏడో నంబరు బావిలో నూనెకు బదులు ఉప్పునీళ్ళు తన్నుకొస్తుంటే, దాన్ని బాగుచేసే పని మాత్రం నిన్నగాక మొన్న కైరో నుంచి దిగిన నజ్లా అనే కుర్రపిల్లకు ఇచ్చారు.

పల్చటి జిగురుమందు బావిలోకి పంపితే అది అడుగున రాతి సందుల్లోకి పాకి, అక్కడ జున్నులా గడ్డకట్టి నీటిదారి మూసేయాలి. నీళ్ళు ఆగితే బావి బతుకుతుంది. లేకపోతే మూతే. ఆమెకు తట్టిన ఈ ఉపాయం తనకు తట్టలేదే అని ఫిక్రీకి కడుపు రగిలిపోయింది. పైగా మేనేజరు రౌఫ్ పదిమందిలో "మా బంగారు తల్లి!" అన్నాడు. ఇన్నేళ్ళలో ఫిక్రీని బంగారం కాదు, ఇత్తడి అని కూడా అనలేదు.

పంపు మొదలయ్యాక, అదే మందు ఒక సీసాలో పోసి నజ్లా ఆయన చేతికిచ్చింది.

"బాబాయ్, దీన్ని బావి అడుగున ఉన్నంత వేడిలో పెట్టి చూస్తుండు. పంపు నాలుగు గంటలు నడవాలి. ఈలోపు మందు బిగుసుకుంటే ఒక్క కేకెయ్యి, ఆపేస్తా."

"అలాగేనమ్మా! నీ సీసాకి కాపలా కాసే భాగ్యం ఎందరికి దక్కుతుంది?" అన్నాడు ఫిక్రీ. ఆమె నవ్వి వెళ్ళిపోయింది.

పంపు మొదలైన రెండు గంటలకే సీసా తలకిందులు చేస్తే మందు కదల్లేదు. ఫిక్రీ గుండె ఝల్లుమంది. వెంటనే, ఛీ, సంతోషం కూడా వేసింది. ఇప్పుడు కేకేస్తే బావితోపాటు ఆమె పేరూ నిలబడుతుంది. 'పోనీ! ఆ బంగారం ఏపాటిదో తేలనీ' అనుకుని, టీలో నాలుగో చెంచా చక్కెర కలుపుకుంటూ పావుగంట కూర్చున్నాడు. ఆ తర్వాత భయమేసి పరుగెత్తాడు.

అప్పటికే పంపు మూలుగుతోంది. మందు దూరం పాకకుండా మొదట్లోనే బిగిసి, నీళ్ళతోపాటు నూనె దారి కూడా మూసేసింది. బావి పోయింది. రౌఫ్ చిందులు తొక్కాడు. "ఎవరిదీ తప్పు?"

"నాదేనండీ," అంది నజ్లా. కళ్ళు తుడుచుకుంది కానీ తల దించలేదు. "ఇక్కడి ఉప్పునీళ్ళలో ఇంత తొందరగా బిగుస్తుందని లెక్కేసుకోలేదు. ఒత్తిడి పెరుగుతుంటే అనుమానమొచ్చింది కూడా. బాబాయ్ కేకెయ్యలేదు కదా, ఏం కాదులే అనుకున్నా."

ఫిక్రీ చేతిలోని సీసాను వీపు వెనక్కి దాచుకున్నాడు.

రౌఫ్ చల్లబడ్డాడు. "ఒప్పుకున్నావు, అది చాలు తల్లీ. ఏడవకు, ఇంకో బావి ఇస్తాలే."

అందరూ ఆమె చుట్టూ చేరారు. సీసా పట్టుకుని ఒంటరిగా నిలబడ్డ ఫిక్రీకి మళ్ళీ కడుపు మండింది. నాదే తప్పని నలుగురి ముందు చెప్పగలిగే గుండె కూడా దేవుడు ఆ పిల్లకే ఇచ్చాడు!