దొర కట్టిన ధర

అరవై రెండులో బీకాం ప్యాసై మా రేవుకు తిరిగొచ్చిన కామాక్షయ్య ఆ ఎండాకాలమంతా మా ప్రాణాలు తోడేశాడు. వాడి డిగ్రీకి విదేశాల్లో గొప్ప పేరుందట. వల బాగుచేసుకుంటున్నా అదే మాట, అన్నం తింటున్నా అదే మాట.

చివరికి ఎండురొయ్యలు కొనడానికి ఒక తెల్లదొర రానే వచ్చాడు, నెల్లూరు దళారిని వెంటబెట్టుకుని. మా రేవులో ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పడితే అన్ని రూపాయలు. రొయ్యలమ్మే పేరమ్మకూ దళారికీ గంప బేరం అలాగే తెగింది.

అప్పుడు కామాక్షయ్య ముందుకు దూకి, ఇంగ్లీషులో తన డిగ్రీ గురించి దంచాడు. దొరకు ఏం అర్థమైందో గానీ, నవ్వి, వాడి చెయ్యి పట్టుకుని ఊపాడు.

"చూసినారా, నా డిగ్రీకి విలువ?" అన్నాడు వాడు మావైపు తిరిగి.

"చూసినాంలే. తువ్వాలు కూడా కప్పకుండా, అందరి ముందరా అయిదు వేళ్ళు పట్టినాడు," అంది పేరమ్మ. "నా రొయ్యల గంపకు ఎనిమిది ఇచ్చినారు నాయనా."

వాడి నాన్న ఆదెయ్య కొడుకును ఎగాదిగా చూసి, పేరమ్మతో అన్నాడు:

"ఇంకా పచ్చిగా ఉండాడు గదక్కా. నాలుగు రోజులు ఎండబెడితే రేటొస్తాది."