రెండో మనిషి చూశాకే

పాలు పొంగకుండా ఒక కన్ను స్టవ్ మీదా, ఇంకో కన్ను లాప్‌టాప్ మీదా వేసి ఆమె ఎవరో పంపిన కోడ్ చదువుతోంది. చూపులేనివాళ్ళకు తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం అది. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి జీతం లేకుండా రాస్తారు. రవాణా కంపెనీలో ఉద్యోగానికి ముందూ, తర్వాతా ఆమెకిదే పని. మార్పు పంపినవాళ్ళు "సరిచేశాను" అని ఒక్క ముక్క రాస్తే ఊరుకోదు. ఏం సరిచేశావు, ఎందుకు చేశావు అని నిలదీస్తుంది. అందుకే జట్టులో ఆమె పేరు పంతులమ్మ.

ఎవరి కోడ్ వాళ్ళే ప్రోగ్రాంలో కలుపుకోకూడదు, రెండో మనిషి చూడాలి అన్న నియమం ఆమె పట్టుబట్టి పెట్టించినదే. నెలల తరబడి వాదించుకుని, అలిగి, చివరికి అందరూ సరేనన్నారు. అని, తమ కోడంతా చూసే పని ఆమె నెత్తినే పడేశారు. ఆమె కోడ్ మాత్రం ఎవరికీ పట్టలేదు. అంకెల మధ్య చుక్కను ప్రోగ్రాం చదవకుండా మింగేస్తోందని గమనించి ఎప్పుడో దిద్దింది. చూడమని బతిమాలింది. "రేపు" అన్నారు. కలిపే అధికారం ఆమెకూ ఉంది. కానీ తన నియమం తానే తప్పితే ఇక నోరెత్తగలదా?

మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ప్రోగ్రాం గురించి తరచూ సందేహాలడిగే, చూపులేని సంగీతం మాస్టారి కూతురు.

"అక్కా, నాన్న పోయారు. మందు సున్నా పాయింట్ ఐదు మిల్లీలీటర్లు తాగమని డాక్టర్ మెసేజ్ పంపితే, ప్రోగ్రాంలో ఐదని వినిపించిందట. మిమ్మల్ని అనట్లేదక్కా. ఇంకెవరూ అలా వినకూడదని చెప్తున్నా."

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా లాప్‌టాప్‌లో జట్టును పిలిచి జరిగింది చెప్పింది. నియమం ఎందుకని అందరికంటే గట్టిగా వాదించిన, జట్టులో తొందరబాబని పేరుపడ్డవాడు ముందుగా అందుకున్నాడు.

"తాళం మీ చేతిలోనే ఉందిగా పంతులమ్మా! కలిపేస్తే ఎవరు కాదనేవాళ్ళు?"

అంటూనే ఆమె కోడ్ తెరిచి, చూసి, కలిపేశాడు.

"ఇంతసేపే పడుతుందా?" అందామె.

తప్పు వాళ్ళదొక్కటే కాదు. ఒక్కసారి తాను నియమం తప్పి ఉంటే సరిపోయేది. తప్పలేదని ఇన్నాళ్ళూ లోలోపల మురిసిపోయింది కూడా.

జట్టులోంచి తన పేరు తీసేసింది.

"మాస్టారింటికి వెళ్తున్నా" అని భర్తతో చెప్పి మెట్లు దిగింది.

బల్ల మీద ఆమె కోడ్ చదివే కళ్ళజోడు కాళ్ళు బార్లా చాపుకుని, అద్దాలు పైకప్పుకేసి తిరిగి, అలాగే ఉండిపోయింది.