రెండో కాగితం

సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకు కింద స్వెట్టర్లు అల్లే ఆడవాళ్ళం ఎప్పుడూ అయిదారుగురికి మించి ఉండేవాళ్ళం కాదు. అందరం పిల్లల దగ్గరికి వచ్చినవాళ్ళమే. ఇక్కడ ఉండడానికి నాకు ఏడాదికోసారి పొడిగించే పాసు ఉండేది. మిగతావాళ్ళు నెలకో, రెండు నెలలకో గడువు తీరి వెళ్ళిపోయేవారు. అందుకని మా దగ్గర స్వెట్టరు మొదలుపెట్టిన మనిషే దాన్ని పూర్తి చేయడం అరుదు. వీపు ఒకరిది, ఛాతీ ఒకరిది, చేతులు ఇంకొకరివి. ఎవరి బిగువు వాళ్ళది కాబట్టి, ఎవరు ఎక్కడ వదిలి వెళ్ళారో వేలితో తడిమి చెప్పగలిగేదాన్ని. ఇక్కడ ఏలూరావిడ వెళ్ళిపోయింది, ఇక్కడ నెల్లూరావిడ వెళ్ళిపోయింది అని. అలా తడుముతూ కూర్చోవద్దమ్మా అని మా అబ్బాయి చక్రధర్ విసుక్కునేవాడు.

అది రెండువేల సంవత్సరం. కంప్యూటర్ల ఉద్యోగాలకు మంచి రోజులు. ప్రతి వారం ఏదో ఒక అంతస్తులో కొత్తగా తెలుగు మాట వినిపించేది. పిల్లలు పొద్దున్నే ట్రైను పట్టుకుని ఆఫీసులకు వెళితే, మేము వంటలు ముగించుకుని, బ్లాకు కింద గోడలు లేకుండా వదిలేసిన ఖాళీ జాగాలో సిమెంటు బల్లల చుట్టూ చేరేవాళ్ళం. ఊలు చైనాటౌన్ నుంచి తెప్పించుకునేవాళ్ళం. అల్లిక నేనే నేర్పేదాన్ని. మావారు ఖరగ్‌పూర్ రైల్వేలో ఇరవై ఏడేళ్ళు చేశారు. అక్కడి చలికాలాల్లో నేర్చుకున్న విద్య అది.

ఈ పని మాకు అంటించినవాడు కృష్ణప్రసాద్. జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు ఇంజనీరు. అతని మేనమామ జనార్దనరావు గారు హవల్దారుగా రిటైరై, డెహ్రాడూన్ ఊరి చివర ఒక వసతి గృహం చూసుకునేవారు. ఇల్లూ వాకిలీ లేకుండా తిరిగే పాత సిపాయిలకు, వాళ్ళ పెళ్ళాం పిల్లలకు ఒక ట్రస్టు నడిపే చోటు అది. చలికి దుప్పట్లు చాలడం లేదని ఆయన మేనల్లుడికి రాస్తే, అతను వచ్చి మమ్మల్ని అడిగాడు. అప్పటి నుంచి ఆయన నాకే తెలుగులో ఉత్తరాలు రాసేవారు, ఎవరికి ఎంత ఛాతీ, ఎవరికి ఎంత పొడుగు చేతులు అని, పేర్లతో సహా. ఆయనకు ఫోను ఉండేది కాదు. ఉత్తరం కృష్ణప్రసాద్ ఇంటికి వస్తే, అతను డ్యూటీ దిగి వస్తూ విప్పకుండానే నాకిచ్చి వెళ్ళేవాడు.

చదవడం నా పని. నేను బడికి వెళ్ళలేదు. పెళ్ళైన కొత్తలో మావారి ఉత్తరాలు మా బావగారు చదివి వినిపించేవారు. ఒకసారి మావారు టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో ఉన్నానని రాస్తే, బావగారు ఆ ముక్క మింగేసి మిగతాది చదివారు. నాకు రెండు నెలల తర్వాత తెలిసింది. ఆ కోపంతో పచారీ కొట్టు పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇప్పటికీ ఏ కాగితమైనా ముందు నాలో నేను ఒకసారి చదువుకుంటేనే తర్వాత నోరు పెగులుతుంది.

సత్యవాణి సెప్టెంబరు నెలాఖరులో వచ్చింది, కూతురు శ్రీజ ఇంటికి. మూడు నెలల పాసు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. పశ్చిమ గోదావరి మనిషి. చదువు రాదు, అల్లికా రాదు, కానీ చెయ్యి చురుకైనది. వారంలో నన్ను మించిపోయింది. కరీంనగర్ భానుమతికి అది నచ్చలేదు.

"గీ ఉక్కపోతల రైక తడిసి ముద్దయితుంటే ఊలు ఒళ్ళె పెట్టుకొని కూసునుడే పిచ్చి. అండ్ల పోటీ గూడానా అక్కా?" అనేది.

"నీకు ఉక్కగా ఉంటే విసురుకో. నోటితో కాదు, చేత్తో," అనేది సత్యవాణి.

అక్టోబరులో వచ్చిన ఉత్తరం నేను పైకి చదువుతున్నాను. భానుమతి మధ్యలో, అక్క చదివితే రేడియోలో ధరల పట్టిక చదివినట్టుంటదని నవ్వింది. నేను పట్టించుకోకుండా తర్వాతి పేరు చదివాను. పెద్దిరాజు, ఛాతీ ముప్ఫై ఆరు, ఎడమ చెయ్యి మోచేతి దాకానే అల్లగలరు.

సత్యవాణి సూదులు ఆగిపోయాయి. "ఆ వరస మళ్ళీ చదువు వదినా," అంది.

పెద్దిరాజు ఆమె తమ్ముడు. శ్రీలంకకు పంపిన సైన్యంలో వెళ్ళి మందుపాతర పేలి మోచేతి కింద చెయ్యి పోగొట్టుకున్నాడు. తిరిగొచ్చాక అక్క ఇంట్లోనే ఉన్నాడు. తాగుడు పట్టుకుంది. ఒకరోజు భోజనాల దగ్గర ఆమె భర్త, ఒంటిచేత్తోనే ఇంత లాగిస్తున్నావు, రెండూ ఉంటే మమ్మల్ని అడుక్కోమనేవాడివి అన్నాడట. పెద్దిరాజు విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. పింఛను కాగితాలు కూడా తీసుకోలేదు. పదకొండేళ్ళు. భర్త పోయాక ఆమె తనకు తోచిన చోటల్లా వెతికించింది. అప్పుడు తను మాట్లాడి ఉండవలసిందని, చేతిలో పప్పు గరిటె పట్టుకుని నిలబడిపోయానని నాతో చెప్పింది.

శ్రీజ వెంటనే జనార్దనరావు గారికి ఉత్తరం రాసి పంపింది. అక్క బతికే ఉందని, డిసెంబరు ఇరవై నాలుగున ఇండియా వస్తుందని, వచ్చీ రాగానే బయల్దేరి చూడ్డానికి వస్తుందని. సత్యవాణి ముదురు నీలం ఊలు తెప్పించుకుని తమ్ముడి స్వెట్టరు మొదలుపెట్టింది. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. వీపు, ఛాతీ, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి అన్నీ తనే. ఒకే మనిషి మొదలుపెట్టి ముగించబోయే స్వెట్టరు మా దగ్గర అదొక్కటే.

జవాబు డిసెంబరు తొమ్మిదిన వచ్చింది. కృష్ణప్రసాద్ లిఫ్టు దగ్గర నా చేతికిచ్చి, నిద్రపోవాలి ఆంటీ అంటూ వెళ్ళిపోయాడు. నేను ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుని విప్పాను. రెండు కాగితాలు.

మీ కబురు చెప్పగానే పెద్దిరాజు మా అక్క వస్తుందట అని పడకల దగ్గరికి వెళ్ళి అందరికీ చెప్పుకున్నాడని మొదట రాశారు. ఆ కింద, నవంబరు ఇరవై ఆరున ఊపిరితిత్తులకు నిమ్ము చేరి పోయాడని ఉంది.

నేను అక్కడే ఆపేశాను. మావారు పోయిన టెలిగ్రాం కూడా నేను పూర్తిగా చదవలేదు, కూతురు పోయినప్పుడు ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితమూ చదవలేదు. ఆ మాట కంటబడితే దాని కింద ఉన్న అక్షరాలు నాకు అక్షరాల్లా కనిపించవు. రెండు కాగితాలూ కలిపి మడిచి, బీరువాలో చీరల కింద పెట్టాను. తర్వాత ఏముంటుంది, దహనం ఎక్కడ చేశారో, సామాను ఏం చేశారో ఉంటుంది అనుకున్నాను.

ఆ సాయంత్రం సత్యవాణి అడిగితే, నీ కబురు అందిందట, చాలా సంతోషించాడట, పడకపడకకూ వెళ్ళి చెప్పాడట అన్నాను. చెప్పిన ముక్కలో అబద్ధం లేదు. ఆమె పైట కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంకేం రాశారు?" అంది. అంతేనని చెప్పాను.

మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆమె కుడి చెయ్యి అల్లుతోంది, అది అయ్యాక చెబుదామనుకున్నాను. ఆ తర్వాత మా బ్లాకులో ఒక చీనా ముసలాయన పోతే, వాళ్ళ ఆచారం ప్రకారం శవాన్ని కిందే ఉంచారు. అయిదు రోజులు పందిరి వేసి, తెల్ల బట్టల్లో కూర్చుని, ధూపం వేశారు. మేము పక్క బ్లాకుకు మారాం. ఆ ధూపం వాసనలో ఆ మాట చెప్పలేక ఊరుకున్నాను. శ్రీజతోనైనా చెప్పాల్సింది. ఫోను చేతిలోకి తీసుకుని పెట్టేశాను. కనీసం స్వెట్టరు అయ్యేదాకా ఆ మనిషిని ఆనందంగా ఉండనిద్దాం అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి భయం, అంతే. ఆమె మొహం మారడం చూడాలని లేదు.

సత్యవాణి ఎప్పుడూ లేనంతగా మాట్లాడేది. తమ్ముడికి మినప రొట్టె ఇష్టమని, డెహ్రాడూన్‌లో మినప్పప్పు దొరుకుతుందా అని అడిగేది. ఇంటికి తీసుకెళ్ళి ముందు గది ఇస్తానని, ఈసారి ఎవడు నోరెత్తినా తనే గెంటేస్తానని అనేది. భానుమతి కూడా వేళాకోళం మానేసి, పోయేటప్పుడు నా పేరు మీద గూడ ఒక స్వెట్టర్ కొంచబో, మీ తమ్మునికి దోస్తులుంటరు గదా అంది.

ఇరవై నాలుగో తేదీ పొద్దున ఆమె ఒక్కతే కిందికి వచ్చింది. టాక్సీ నాలుగు గంటలకు. చెన్నైలో తన మేనల్లుడు రైలు టికెట్లు తీసి సిద్ధంగా ఉన్నాడని, రెండు రాత్రుల ప్రయాణమని చెప్పింది. పూర్తైన స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని ఎడమ చెయ్యి అంచు సరిచేస్తోంది. ఆ మనిషి అంత దూరం రైల్లో కూర్చుని, దిగి, గుమ్మంలో అడిగి తెలుసుకోవడం నా కళ్ళకు కట్టింది. ఇక ఉండలేక పైకి వెళ్ళి ఉత్తరం తెచ్చాను.

చదివాను. మొదటి కాగితంలో ఈసారి ఏ ముక్కా మింగలేదు. సత్యవాణి ఏడవలేదు. స్వెట్టరును రెండుగా మడిచింది, మళ్ళీ నాలుగుగా మడిచింది. ఈ ఉత్తరం ఎప్పుడు వచ్చిందని అడిగింది. చెప్పాను.

"పదిహేను రోజులు," అంది. ఉత్తరం అంచు వేలితో ఎత్తి, "అయిపోలేదుగా. వెనక ఇంకో కాగితం ఉంది, చదువు," అంది.

రెండో కాగితం నేనూ అప్పుడే మొదటిసారి చదవడం. ముందు నాలో నేను చదువుకునే వ్యవధి లేదు. గుడ్డిగా పైకి చదువుకుంటూ పోయాను.

పెద్దిరాజుకు భార్య, ఎనిమిదేళ్ళ కూతురు ఉన్నారని రాశారు. భార్య ఆ కొండ ప్రాంతపు మనిషి, తనవాళ్ళంటూ ఎవరూ లేరు. సిపాయి ఉంటేనే కుటుంబానికి చోటు, అతను పోతే ఖాళీ చెయ్యాలని ట్రస్టువారి నిబంధన. తాను బతిమాలితే డిసెంబరు ఇరవై దాకా గడువు ఇచ్చారు. సత్యవాణమ్మ గారు వీళ్ళను తమ దగ్గర ఉంచుకుంటానంటే తానే స్వయంగా రైలెక్కించి పంపుతారు. ఆ అమ్మాయి మా వదినగారు కబురు చేస్తారని ఎదురుచూస్తోంది. ఉత్తరం రాసే సమయం లేకపోతే మా వీధిలో మందుల షాపుకు ఫోను చేయండి, నన్ను పిలుస్తారు. కింద నంబరు ఉంది.

గడువు దాటి నాలుగు రోజులైందని నేను లెక్కపెట్టక ముందే ఆమె లెక్కపెట్టింది.

మా ఇంటికి వెళ్ళి ఫోను చేశాం. విదేశాలకు మాట్లాడే ఫోను కార్డు మీది పొడుగాటి నంబరు నొక్కుతుంటే రెండుసార్లు తప్పు పోయింది. మా మనవడు అభిజిత్ వచ్చి, "ఐ డూ లా, నానమ్మా," అని ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో అంటూ నొక్కి ఇచ్చాడు. మందుల షాపు అబ్బాయి వెళ్ళి జనార్దనరావు గారిని పిలుచుకొచ్చేదాకా ఎనిమిది నిమిషాలు పట్టింది. సత్యవాణి రిసీవరు నా చేతికి ఇవ్వలేదు. అయినా ఆయన గట్టిగా మాట్లాడే మనిషి, పక్కనున్న నాకూ వినిపించింది.

"ఇంకో రోజు ఆపానమ్మా. మొన్న ఇరవై ఒకటో తారీకు పొద్దున్నే వెళ్ళిపోయారు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. ఉత్తరం వచ్చిందా అని రోజూ అడిగేది, రాలేదనే చెప్పాను."

"ఆ అమ్మాయి ఏమంది?"

"ఏమంటుందమ్మా. వాళ్ళకి మేం అక్కర్లేదేమో అంది."

సత్యవాణి ఫోను పెట్టేసింది. మా సోఫాలో కూర్చుంది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏదేదో అన్నాను. తప్పైపోయిందని, నాకు ఆ కాగితంలో ఏముందో తెలియదని, తెలిస్తే ఆ నిమిషమే పరిగెత్తుకొచ్చేదాన్నని.

"నీకు చదువొచ్చు కదా వదినా," అంది. కోపంగా కాదు. నాకు అర్థం కావడం లేదు అన్నట్టుగా.

నేను ఉత్తరాన్ని మళ్ళీ పాత మడతల ప్రకారం మడిచాను.

శ్రీజ వచ్చింది. విషయం తెలిసి నా వైపు చూడకుండా తల్లిని లేవదీసింది. అమ్మా, ఇక డెహ్రాడూన్ వెళ్ళి ఏం చేస్తావు, సరాసరి ఊరికి వెళ్ళు అంది. సత్యవాణి వినలేదు. రైలు టికెట్లు ఉన్నాయి, వెళతాను, స్టేషన్లో అడుగుతాను, గుళ్ళ దగ్గర అడుగుతాను అంది. ఏమని అడుగుతావు, నువ్వు వాళ్ళ మొహాలు కూడా చూడలేదు అంది శ్రీజ. అప్పుడు సత్యవాణి గుమ్మంలో ఆగి నా వైపు తిరిగింది.

"ఆ పిల్ల పేరేమని రాశాడు?"

ఉత్తరం విప్పి వెతికాను. కీర్తిక.

"కాగితం మీద రాసివ్వు. నాకు నోరు తిరగదు."

నేను చదవడమే నేర్చుకున్నాను, రాయడం ఎప్పుడూ నేర్చుకోలేదు. ఆ మాట ఆమెతో చెప్పలేకపోయాను. అభిజిత్ పెన్సిలు తీసుకుని, ఉత్తరంలో ఆ పేరు ఉన్న చోట వేలు పెట్టుకుని, ఒక్కొక్క గీతా చూసి దించాను. మూడు అక్షరాలకు చాలాసేపు పట్టింది. శ్రీజ టైము చూసుకుంటూ నిలబడింది. సత్యవాణి ఆ ముక్కను తలకిందులుగా పట్టుకుని చూసి, కొంగున ముడివేసుకుంది. వెళ్ళొస్తానని అనలేదు.

సత్యవాణీ ఆమె మేనల్లుడూ డెహ్రాడూన్‌లో పదకొండు రోజులు తిరిగారని, ఒక తల్లీ పిల్లా బస్టాండులో రెండు రోజులు పడుకున్నారని ఒక టీ కొట్టువాడు చెప్పాడని, అంతకు మించి ఏమీ తెలియలేదని జనవరిలో శ్రీజ ఫోనులో చెప్పింది. మార్చిలో శ్రీజ వాళ్ళు ఊళ్ళో ఇంకో వైపున్న బిషాన్‌కు ఇల్లు మారారు. ఆ తర్వాత నేను చాలాసార్లు ఫోను చేశాను. శ్రీజ ఎత్తలేదు.