గుడి గుమ్మం దాటని విడిది గిన్నె

నేను ఒక కంచు గిన్నెను. పిడి లేదు, మూత లేదు, కాళ్ళు లేవు. మధ్యలో పైకి ఉబ్బిన బొడ్డు మాత్రం ఉంది. అడుగు నుంచి ఆ బొడ్డులోకి వేళ్ళు దూర్చి, అంచు మీద బొటనవేలు ఆనించి నన్ను పట్టుకోవాలి. అలా పట్టుకుని నేల మీద కాస్త ద్రాక్షసారా వంచితే, అన్న మాటకి దేవుడు సాక్షి అవుతాడని గ్రీకుల నమ్మకం. మిగిలింది మనుషులు తాగేవాళ్ళు. దేవుడి వాటా ఎప్పుడూ తక్కువే. ఆయన ఎన్నడూ గొడవపెట్టలేదు.

నేను పుట్టింది డెల్ఫీ కొండ మీద, అపోలో దేవుడి తిరునాళ్ళలో, గుడారాల పక్కన ఒక కంచరి వేసుకున్న కొలిమిలో. ఆ కొలిమి వేడికి ఎదురుకొండ మీది మంచు అంతా కరిగి, కింద మేస్తున్న మేకలు సముద్రం దాకా కొట్టుకుపోయాయని చెబుతారు. చెప్పేది నేనే అనుకోండి. అయినా కాదనడానికి ఆ మేకలేవీ తిరిగి రాలేదు.

పొయ్యి దిగీ దిగగానే నా కోసం ఇద్దరు తగువు పడ్డారు. ఒకడిది అంపేల, ఇంకొకడిది లుకోర. పక్కపక్క కొండల మీది ఊళ్ళు. తాతల నాటి నుంచీ పచ్చిక బీళ్ళ కోసం తలలు పగలగొట్టుకునే ఊళ్ళు. అక్కడ మాత్రం దేవుడి తిరునాళ్ళాయె, కొట్టుకోకూడదు. చేసేదిలేక కూర్చుని నాలోనే సారా పోసుకుని తాగారు. పొద్దు వాలేసరికి ఒకరి భుజాన ఒకరు చెయ్యేసుకుని పాడుతున్నారు. తిరునాళ్ళు వచ్చినప్పుడల్లా ఈ గిన్నెతోనే సారా వంచి మన రెండూళ్ళ మధ్యా పోరు ఆపే ఒప్పందం పోద్దాం, వేరే గిన్నెతో పోస్తే చెల్లదు అని నా మీద ప్రమాణం చేశారు. నేను అంపేల వాడి ఇంటికి వెళ్ళాను.

తిరునాళ్ళంటే పరుగుపందేలూ పాటల పోటీలూ అనుకుంటారు మీరు. గుడారం గుడారం తిరిగినదాన్ని, నన్నడగండి. విరిగిన ఎముక ఎవరు బాగా కడతారు, ఎవరి ఓడ ఎటు పోతోంది, ఎవరింట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంది, ఇవీ అక్కడ నడిచే కబుర్లు. "మీ ఊరొస్తే నీ పేరు చెబితే తలుపు తీస్తారా?" అని ఒకడంటే, "నా పేరు చెబితే అప్పులవాళ్ళే వస్తారు, మా బావ పేరు చెప్పు" అని ఇంకొకడనేవాడు. అలా బావ పేరూ, బావ స్నేహితుడి పేరూ పట్టుకుని ముక్కూమొహం తెలియని ఊళ్ళో భోజనానికి కూర్చునేవాళ్ళు. దేశం నిండా కోటగోడలు కట్టుకున్నది వీళ్ళే, ఆ గోడల్లోంచి దారులు చేసుకున్నదీ వీళ్ళే.

నన్ను తెచ్చినవాడి మనవడు తెలోన్. వాళ్ళది విడిది ఇల్లు. తిరునాళ్ళకి ముందు డెల్ఫీ నుంచి చాటింపు మనుషులు ఊరూరా తిరిగి, ఫలానా నెలలో దేవుడి తిరునాళ్ళు, వెళ్ళేవాళ్ళని ఎవరూ ఆపకూడదు అని చెబుతారు. ప్రతి ఊళ్ళోనూ వాళ్ళని దింపుకునే హక్కు ఒక్క ఇంటికే ఉంటుంది. మా ఊళ్ళో అది తెలోన్‌ది. ఆ హక్కు తలుచుకుంటే చాలు, మనిషి జానెడు పొడుగయ్యేవాడు.

తెలోన్ కూతురు మిక్కా. ఆ పిల్ల సంబంధం కుదిరింది కూడా డెల్ఫీలో, నా ముందే. పెళ్ళికొడుకు లుకోర వాడు గోర్గోస్, నా మీద ప్రమాణం చేసిన ఆ రెండోవాడి మనవడు. మిక్కా పురుటికి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పురిటిస్నానం కాకముందే మళ్ళీ బీళ్ళ తగాదా రాజుకుంది. లుకోర వాళ్ళు వచ్చి మా ఊరి చుట్టూ గుడారాలు వేసి కూర్చున్నారు. ఊరి తలుపుకి అడ్డగడియ పడింది. తండ్రి గోడకి అవతల, బిడ్డ ఇవతల.

వేసవి గడిచింది. నూతిలో బొక్కెన రాళ్ళకి తగిలే చప్పుడు ఇంట్లోకి వినబడేది. పళ్ళు విరగ్గాసిన ద్రాక్షతోటలు గోడ అవతలే ఉన్నాయి, పళ్ళన్నీ లుకోర వాళ్ళే తింటున్నారు. మిక్కాకి తిండి చాలక పాలు తగ్గాయి. బిడ్డ ఏడుపు రోజురోజుకీ సన్నబడుతోంది. బయటపడే దారి ఒక్కటే. చాటింపు మనుషులు రావాలి, నాతో ఒప్పందం పొయ్యాలి, మిక్కా తిరునాళ్ళకని బిడ్డనెత్తుకుని బయటికి నడవాలి. ఆ ఏడు తిరునాళ్ళ ఏడే. కానీ వాళ్ళ జాడ లేదు.

తెలోన్‌కి కాలు నిలవలేదు. "వాళ్ళు వస్తే ఈ గిన్నె నీకిచ్చుకుంటాను, అపోలో!" అని మొక్కుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ముందే ఇచ్చేస్తే దేవుడు మొహమాటపడి పని త్వరగా చేస్తాడనిపించింది. తెల్లారగానే నన్ను తోమి, ఊళ్ళోని అపోలో గుడికి తెచ్చి, పూజారి పోలిద చేత మంత్రం చదివించి మేకుకి తగిలించేశాడు.

దేవుడికి నిజంగానే మొహమాటమేసినట్టుంది. మర్నాడే చాటింపు మనుషులు దిగారు.

లుకోర వాళ్ళు దారి వదిలారు. మావాళ్ళు తలుపు మనిషి పట్టేంత తెరిచి చాటింపు మనుషుల్ని లోపలికి లాక్కున్నారు. వాళ్ళ పెద్ద ఆండ్రోన్, నల్లగా పొడుగ్గా ఉంటాడు. కాళ్ళైనా కడుక్కోకుండా, "ఏదయ్యా తెలోన్, గిన్నె తే! పొలిమేర రాయి దగ్గరికి పోదాం, రెండూళ్ళ పెద్దల్నీ పిలువు" అన్నాడు.

తెలోన్ గుడికి పరిగెత్తుకొచ్చాడు. పోలిద గుమ్మానికడ్డంగా నిలబడ్డాడు.

"దేవుడికిచ్చింది గుమ్మం దాటదు."

"ఒక్క పూట పూజారిగారూ! మళ్ళీ తెచ్చి నేనే తగిలిస్తాను."

"అలా అరువిచ్చుకుంటూపోతే రేపు దేవుడి విగ్రహాన్ని పందిరి గుంజకి అడుగుతావు. కావాలంటే దేవుణ్ణే అడుగు."

దేవుణ్ణి అడగాలంటే గిన్నె ఇచ్చినవాడే డెల్ఫీ వెళ్ళాలి. వెళ్ళాలంటే ఊరి తలుపు తెరవాలి. తెరవాలంటే ఒప్పందం పొయ్యాలి. పొయ్యాలంటే నేను కావాలి. నన్నిమ్మని దేవుణ్ణి అడగాలి. ఊరి పెద్దలంతా గుడి ముంగిట్లో నిలబడి ఈ చక్రం చుట్టూ తిరిగీ తిరిగీ అలసిపోయారు. తెలోన్ మెట్టు మీద కూలబడి, "నా చేతులతో నేనే నా బిడ్డని బందీ చేసుకున్నాను" అని నెత్తి కొట్టుకున్నాడు. మేకు మీంచి నేను చూస్తూ వేలాడుతున్నాను. ఎన్ని ఊళ్ళు తిరిగిన గిన్నెను! ఇప్పుడు నా లోకమంతా ఆ గుమ్మంలోంచి కనబడే నాలుగు మెట్లు.

మిక్కా బిడ్డని చంకనేసుకుని వచ్చింది.

"గిన్నె బయటికి రాకపోతే వాళ్ళనే ఇక్కడికి రమ్మనండి, నాన్నా."

"పగవాళ్ళనా? గోడ లోపలికా?" అన్నాడు ఊరి పెద్ద. "నీకు పాలే కాదమ్మా, మతి కూడా తగ్గినట్టుంది."

"ఊరంతా ఎందుకు పెద్దయ్యా? ప్రమాణం చేసిన వాళ్ళ మనవలిద్దరు చాలరా? ఒకరు మా నాన్న. ఇంకొకరు నా మొగుడు. ఒక్క మనిషికి భయపడతారా?"

ఒక్క మనిషికి భయపడతామని ఎవరూ చెప్పుకోరు కదా. ఆండ్రోన్ లుకోర గుడారాలకి కబురు పట్టుకెళ్ళాడు. అక్కడా అదే రాద్ధాంతం జరిగిందట. లోపలికి వెళితే శవమే తిరిగొస్తుందన్నారట. గోర్గోస్ కత్తి విప్పి నేల మీద పెట్టి, ఆండ్రోన్ చెయ్యి పట్టుకుని నడిచొచ్చాడట.

గడియ తీసిన చప్పుడు విన్నాను. వెంటనే మళ్ళీ వేసిన చప్పుడూ విన్నాను. గోర్గోస్ గుడి ముంగిట్లోకి వచ్చేసరికి వెనక కుర్రాళ్ళు రాళ్ళు పట్టుకుని మూగారు. "వీణ్ణి పట్టి ఉంచితే బయటున్నవాళ్ళు వాళ్ళే పోతారు!" అని ఒకడు కేకేశాడు. ఊరి పెద్ద కాదనలేదు. తెలోన్ లేచి, వయసు మరిచిపోయి, అల్లుణ్ణి రెండు చేతులా గుమ్మంలోంచి లోపలికి తోసేశాడు.

"ఇప్పుడు రండర్రా! గుళ్ళో ఉన్నవాణ్ణి లాగే మొనగాడెవడో చూస్తాను!"

లాగకూడదు. గిన్నెకేది నియమమో మనిషికీ అదే, దేవుడి పంచన చేరినదాన్ని బయటికి లాగడం పాపం. అయితే బయట రాళ్ళున్నంతసేపూ అతను వెళ్ళనూ లేడు. గోర్గోస్ నా మేకు కిందే గోడకానుకుని నిలబడ్డాడు. ఇద్దరం ఇరుక్కున్నాం.

"మావగారూ, తొందరగా పోయించండి. నాకు భయంలేదని వాళ్ళింకా అనుకుంటున్నారు, అసలు సంగతి తెలిసేలోపు కానిద్దాం" అన్నాడు మెల్లగా.

ఊళ్ళో సారా ఎక్కడిది! వెతగ్గా వెతగ్గా ఒక ముసలమ్మ జాడీ అడుగున కాస్త దొరికింది. అది పులిసి పులిసి ఎంత ఘాటెక్కిందంటే, పోస్తుంటే దేవుడి విగ్రహం తుమ్మింది. పోలిద కాదంటాడు, నేను విన్నాను. మావా అల్లుళ్ళు చెరోపక్కా నన్ను పట్టుకున్నారు. ఎవరి వైపుకి వాళ్ళు వంచేసరికి సగం వాళ్ళ కాళ్ళ మీదే పడింది. మిగతా సగం గుడి రాతి మీద పడింది. "చెల్లింది!" అన్నాడు ఆండ్రోన్. "ఈ క్షణం నుంచీ ఇతనూ, ఇతని పెళ్ళాం, బిడ్డా తిరునాళ్ళకి పోతున్నవాళ్ళు. ఆ రాళ్ళు కింద పెట్టండి, లేదా మాట తప్పిన ఊరని డెల్ఫీలో మీ ఊరి పేరు చదివిస్తాను."

డెల్ఫీలో పేరు చదివితే దేశమంతా వింటుంది. ఇక ఏ ఊళ్ళోనూ ఎవడి బావ పేరు చెప్పినా తలుపు తియ్యరు. రాళ్ళు ఒక్కొక్కటే కిందపడ్డాయి. మిక్కా బిడ్డని గోర్గోస్ చేతుల్లో పెట్టింది. అతను దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక, నన్ను పట్టుకున్నట్టే అడుగు నుంచి పట్టుకున్నాడు. వాళ్ళు మెట్లు దిగి కుడివైపు తిరిగారు. కుడివైపు నాకు కనబడదు.

తిరునాళ్ళయ్యాక తలుపు మళ్ళీ పడింది. ఆ చలికాలమే కొండలన్నిటినీ మంచు కప్పేసింది, లుకోర వాళ్ళు గుడారాలు పీక్కుని పోయారు. పగ మాత్రం పోలేదు. తెలోన్ రోజూ వచ్చి నా ఎదురుగా కూర్చునేవాడు. చాటింపు మనిషో, ఉప్పు అమ్ముకునేవాడో ఎవరొచ్చినా ముందు అడిగేది మనవరాలి గురించే. డెల్ఫీ గుడారాల మధ్య పిల్ల కోలుకుంది, ఇప్పుడు లుకోరలో పాకుతోంది అని ఎక్కడో దీవి నుంచొచ్చిన ఓడవాడు చెబితే, పక్క కొండ మీది మాట అంత సముద్రం తిరిగొచ్చిందని తెలోన్ నవ్వాడు.

నాలుగేళ్ళకి మళ్ళీ ఒప్పందం. నేను కదలను కాబట్టి మళ్ళీ లుకోర వాళ్ళే లోపలికి రావాలి. ఈసారి గోర్గోస్ వెంట పదిమంది వచ్చారు, ఆడవాళ్ళతో సహా. తెలోన్ తొందరపాటు ఊరి ఆచారమైపోయింది. మిక్కా వచ్చింది. ఆ సన్నటి ఏడుపు పిల్ల ఇప్పుడు కోడిపిల్లలా పరిగెడుతోంది. ఒప్పందం పోశాక నన్ను నేల మీద పెట్టి పెద్దవాళ్ళు కౌగిలింతల్లో ఉండగా ఆ పిల్ల నన్ను నెత్తి మీద టోపీలా బోర్లించుకుని ఒక్క పరుగున గుమ్మానికి పోయింది.

"ఆగు!" అని పోలిద అరిచిన అరుపుకి కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి. పిల్ల ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టి ఆగింది. నా ముందు అంచు గుమ్మం దాటింది. బొడ్డు లోపలే ఉంది.

కుడివైపు కనబడింది. ఊరి తలుపు బార్లా తెరిచి ఉంది. లుకోర ఆడవాళ్ళు మా నూతి దగ్గర నీళ్ళు తోడుకుంటూ మా ఆడవాళ్ళని ఏదో అంటున్నారు, వీళ్ళు నవ్వుతున్నారు. తలుపు అవతల దారి తెల్లగా కొండ దిగిపోతోంది.

"గిన్నె ఇటివ్వు, బంగారూ" అన్నాడు తెలోన్. పిల్ల ఇవ్వనంది. మిక్కా వచ్చి నన్ను మెల్లగా తీసి, ఒక్క క్షణం అక్కడే, ఆ గుమ్మం మీదే పట్టుకుని నిలబడింది. తర్వాత లోపలికి తెచ్చి మేకుకి తగిలించింది. సాయంత్రానికి పోలిద నాకు గొలుసు వేయించాడు.

ఇప్పుడా గుడి లేదు. పగిలినవీ పాతబడినవీ అన్నీ గుడి ఆవరణలోనే గొయ్యి తీసి పూడ్చారు, వాటితోపాటు నన్నూ. దేవుడి సొత్తు కదా, మట్టిలో కూడా గుమ్మానికి లోపలే. పైన ఎవరో తవ్వుతున్నట్టు చప్పుడు వినబడుతోంది. మీరే అయితే ఒక్క మాట. నన్ను తీశాక కుడివైపు పట్టుకెళ్ళండి.