కన్ను పెట్టిన చేయి

పొద్దున పాలు కాగి దిగాక నీలావతి అదే పొయ్యి మీద ఇంకో గిన్నె పెట్టేది. అందులో పోసేదీ చూడడానికి పాలలాగే ఉంటుంది. హిందూపురంలోని ఆ సందులోకి కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు "ఏం కాస్తాండావమ్మా, పాయసమా?" అని ఆశగా అడిగేవాళ్ళు.

"చేపలు" అనేది నీలావతి.

అది ఎరచేపలు పోసే ప్లాస్టిక్ పాలు. కిటికీలు బార్లా తెరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని సన్నసెగ మీద కలుపుతూ ఉంటే ముందు ముద్దకడుతుంది, తర్వాత కరిగి తేనెలా తేటపడుతుంది. ఆ తేటపడే క్షణాన్ని పట్టుకోవాలి. ముందే దించితే చేప చేతిలో విరుగుతుంది, ఆలస్యమైతే మాడి పసుపెక్కుతుంది. రంగూ, చిటికెడు చమ్కీ కలిపి మూసల్లో పోస్తే, చల్లారేసరికి వేలెడంత మెత్తటి చేపలు తోకలాడిస్తూ ఊడివస్తాయి. గాలానికి గుచ్చి నీళ్ళలో లాగితే అది బతికున్న చేపో కాదో కొరమేనుకే తెలియదు. శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి కార్లేసుకొచ్చి, గొల్లపల్లి రిజర్వాయరు గట్టున టోపీలు పెట్టుకుని నిలబడేవాళ్ళ డబ్బాల్లో ఈ చేపలే ఉండేవి.

పోత ఎవరైనా పోస్తారు. అసలు పనంతా కన్ను. వెండి చమ్కీ కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి, గోళ్ళరంగుతో నల్లగుడ్డు దిద్ది, మీద జిగురు బొట్టు వేసి ఎండలో పెడితే అద్దంలా ఉబ్బి గట్టిపడుతుంది. చేప నల్లగుడ్డు పూర్తి గుండ్రంగా ఉండదు. ముక్కు వైపుకి చిన్న మొన ఉంటుంది. ఆ మొనను సూదితో లాగేటప్పుడు నీలావతి ఊపిరి బిగపట్టేది.

కన్ను అతికించగానే చేప ఆమెవైపు చూసేది. ఆమె కొళాయి దగ్గరికి పోతే తట్టలోని చేపలన్నీ కొళాయి వైపు, మిద్దె ఎక్కితే మిద్దె వైపు కళ్ళు తిప్పేవి. ఇంట్లో అది అక్కరకు కూడా వచ్చేది. అత్త కోడలి కోసం కేకలు పెట్టడం మానేసి, తట్టలోకి తొంగిచూసి "కొట్టం పక్క చూస్తాండాయి, ఆడుంటాది" అని అటు నడిచేది. కొరమేనులకీ దాంతో ఇబ్బంది లేదు. తన పక్కనుంచే పోతూ, తనను లెక్కచెయ్యకుండా ఎటో చూసే చేప కనబడితే వాటికి ఎక్కడలేని రోషం వచ్చేది. మగబుద్ధి. వచ్చి కరిచేవి, గాలానికి చిక్కేవి.

కన్ను పెట్టే విద్య ఆమెకి పుట్టింటిది. ధర్మవరం పక్క పల్లెలో వాళ్ళది తోలుబొమ్మలు చేసే ఇల్లు. మేకతోలు గీకేది ఆడవాళ్ళు, ఎండబెట్టేది ఆడవాళ్ళు, ఉలితో చిల్లులు కొట్టి రంగులద్దేది ఆడవాళ్ళు. చివర్లో ఇంటి మగవాడు స్నానం చేసి, దీపం పెట్టి, కుంచె ముంచి రెండు కళ్ళు పెట్టేవాడు. "కన్ను పెట్టినోళ్ళదే బొమ్మ" అనేది ఆ ఇంటి సామెత. అట్లా ఇంటిల్లిపాది చేసిన బొమ్మ రెండు చుక్కలతో ఒక్కడిదైపోయేది. చిన్నప్పుడు నీలావతి ఒక తోలుముక్క మీద కన్ను పెట్టి చూసుకుంది. అది ఆమెవైపు చూసింది. ఆమె నాయన ఓబులేసు దాన్ని తీసి పొయ్యిలో వేశాడు.

ఒకరోజు మొగుడు గంగాధర ఫోనులో మెసేజి చదివి వినిపించాడు. పంపింది బెంగళూరులో గాలాల షాపు నడిపే మంజులత. 'కళ్ళు చేసేవాళ్ళని కలవాలి. ప్యాకెట్ మీద వాళ్ళ పేరే వేస్తాం. హిందూపురంలోనే షెడ్డు పెట్టి, నలుగురికి నేర్పించే పని వాళ్ళకే ఇస్తాం. శుక్రవారం వస్తున్నా.'

"గంగాధర చేపలు. పేరెట్లుండాది?" అన్నాడు మీసం సవరించుకుంటూ.

"కళ్ళు పెట్టేది నేను కదా?"

"మూసలు ఎవరు తెచ్చినారు? కొరియర్‌కి ఎవరు పోతాండారు? మేడంతో ఇంగ్లీషు మాట్లాడేదెవరు?"

"ఎస్ మేడం, ఓకే మేడం. ఆ రెండు ముక్కలకే చేపలకి చూపొస్తాదా?"

"ఏమే, నోరు ఎక్కువైతాండాదే! షెడ్డు, పనోళ్ళు, బెంగళూరు. నీతో అయ్యేపనేనా? ఇల్లెవరు చూస్తారు?"

ఇది అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. పొయ్యి మీద గిన్నె ఉన్నంతసేపూ అది ఆడదాని వంటపని. ఆ గిన్నెలో పేరు ఉడకడం మొదలైందా, ఎక్కడినుంచో మగవాడు గరిటె పట్టుకుని దిగుతాడు.

గంగాధర తెలివితక్కువవాడేం కాదు. నీలావతి ఇంట్లో ఉంటే చేపలు ఎవరివైపు చూస్తాయో అతనికి తెలుసు. అందుకే శుక్రవారం తెల్లవారగానే మొహం వేలాడేసుకుని వచ్చాడు. "మీ నాయనకి బాగలేదంట. ఫోన్ వచ్చింది. పో, చూసిరా" అని రైలెక్కించాడు. ఊరు దాటితే చేపలు ఆమెను మర్చిపోతాయని అతని నమ్మకం. మగవాళ్ళు మర్చిపోతారు కాబట్టి చేపలూ అంతేననుకున్నాడు.

పుట్టింటి ముందు నీలావతి ఆటో దిగేసరికి ఓబులేసు పంచలో కూర్చుని జొన్నరొట్టె నములుతున్నాడు.

"బాగలేదని ఎవరు చెప్పినారు పాపా? రాయిమాదిరి ఉండా."

నీలావతికి విషయం అర్థమైంది. తిరుగు రైలు పట్టుకుని పోయి, ఆ మేడం ముందు నిలబడి అరవాలనిపించింది. అడుగు ముందుకు వేసి ఆగింది. పోయి నిలబడితే అది మొగుడూ పెళ్ళాల కొట్లాట. మేడం కాసేపు చూసి, మీ ఇంటి గొడవ మీరు తేల్చుకోండి అని కారెక్కుతుంది. ఇక్కడే ఉంటే చేపలు ఇటే చూస్తాయి, అది సాక్ష్యం.

ప్యాకింగుకి సాయం వచ్చే ఎదురింటి మేరీకి ఫోన్ చేసింది.

"మేరీ, ఒక్క పని చెయ్. చేపల్ని పెట్టెల్లో ఏసి మూత పెట్టనియ్యొద్దు. తట్టల్లోనే ఉండనీ. అంతే."

"అంతేనా అక్కా? నేనేం చెప్పొద్దా?"

"అడిగితే చెప్పు."

తర్వాత కొంగు బిగించి, అమ్మ పక్కన కూర్చుని మేకతోలు గీకడం మొదలుపెట్టింది.

హిందూపురంలో జరిగిందంతా ఆమెకి మేరీ తర్వాత చెప్పిందే. గంగాధర ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్ళు పెట్టడంలో తను పడ్డ కష్టాలు మంజులతకి చాలాసేపు వర్ణించాడట. ఆమె విన్నది. తట్టల మీదికి వంగింది.

"గంగాధర గారు, మా షాపులో మీ చేపలన్నీ ఉత్తరం పక్క చూస్తాయి. హిందూపురం అటే కదా, చేసినవాళ్ళని చూస్తున్నాయి అనుకున్నా. ఇప్పుడు మీ ఇంటికే వచ్చినా. మీరు నా ముందే ఉన్నారు. ఇవి ఇంకా ఉత్తరమే చూస్తా ఉన్నాయి, యాకప్పా, ఎందుకట్లా?"

గంగాధర తట్టకి అటుపక్క నిలబడి చూశాడు, ఇటుపక్క నిలబడి చూశాడు. చివరికి తట్టకీ కిటికీకీ మధ్య దూరి ఇరుక్కుని నిలబడ్డాడు. చేపలు అతని చొక్కా గుండీల మధ్యనుంచి ఎటో దూరంగా చూశాయి.

"మేడం, అవి కొంచెం... ఎండ పక్క చూస్తాయి."

"ఎండ ఈ పక్క ఉంది కదా."

గడపలో నిలబడ్డ మేరీ అప్పుడు నోరు విప్పింది. "నీలావతక్క ధర్మవరం పోయిండాది మేడం. అటు చూస్తాండాయి."

మంజులత ఒక చేపను తీసుకుని పోయి కారులో స్టీరింగు ముందు పెట్టుకుంది. మేరీ పక్కన కూర్చుంది. గంగాధర పిలవకుండానే వెనక ఎక్కాడు. పెనుకొండ కోట దాటారు, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ దాటారు, చేప చూపు మళ్ళలేదు. "ఇట్లే నేరుగా అనంతపురం పోదాం మేడం, ఆమె ఆడ చిన్నమ్మ ఇంటికి పోయింటాది" అన్నాడు గంగాధర. ధర్మవరం దారి చీలేచోట చేప నల్లగుడ్లు కుడికి తిరిగాయి. మంజులత కారు కుడికి తిప్పింది.

పల్లెలో కారు ఆగగానే ఓబులేసు పైపంచె సర్దుకుని ఎదురొచ్చాడు. మంజులత చేపను అరచేతిలో పెట్టుకుని "దీనికి కన్ను పెట్టినవాళ్ళు కావాలి" అంది.

"ఈ ఇంట్లో కళ్ళు పెట్టేది నేనే తల్లీ. మా తాత, మా నాయన, నేను" అన్నాడు ఓబులేసు ఠీవిగా. చేప ఆయన భుజం పక్కనుంచి చూసింది. ఆయన పక్కకి జరిగి మళ్ళీ ఎదురుగా వచ్చాడు. చేప ఆయన ఇంకో భుజం పక్కనుంచి చూసింది. ఓబులేసు మెల్లగా వెనక్కి తిరిగాడు.

పంచ చివర, మోచేతుల దాకా తోలుపొట్టు అంటుకుని, నీలావతి గీకడం ఆపి తలెత్తింది.

లేచి రాలేదు. కొంగు సర్దుకోలేదు. మంజులతే నడిచిపోయి ఆమె ముందు నేలమీద కూర్చుంది. చేపను ఆమె మోకాలి మీద పెట్టింది. అది పొద్దున్నుంచీ వెతుకుతున్నది దొరికినట్టు నీలావతి మొహంలోకి చూసింది.

"నల్లగుడ్డు ముందర ఆ మొన ఎట్లా లాగుతారు?" అంది మంజులత.

"ఊపిరి బిగపట్టి" అంది నీలావతి. "పిలుచుకురా నలుగురినీ, నేర్పిస్తా. ఆడపిల్లల్నే పిలుచుకురా."

మంజులత నవ్వింది. "ప్యాకెట్ మీద పేరు ఏమని వెయ్యాలి?"

కారు దగ్గరినుంచి గంగాధర గొంతు సవరించుకున్నాడు. "నీలావతి, వైఫాఫ్ గంగాధర అని..."

"నీలావతి" అందామె. "అంతే."

మేరీ కిసుక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గంగాధర కారు చక్రం వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఓబులేసు లోపలికి పోయాడు. ఒళ్ళంతా రంగులద్దుకుని, కళ్ళు మాత్రం లేని నాట్యకత్తె బొమ్మను రెండు చేతులా తెచ్చి కూతురి ముందు పరిచాడు. దీపం వెలిగించాడు. నల్లరంగు గిన్నె పక్కన పెట్టి, తాతల నాటి కుంచెను తిప్పి, పిడి ఆమె వైపుకి వచ్చేలా చాచాడు.

"స్నానం చెయ్యలేదు నాయనా" అంది నీలావతి.

"పని చేసిన చెయ్యే కదా. పెట్టు."

ఆమె కుంచె ముంచింది. ఊపిరి బిగపట్టింది. ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను.

బొమ్మ ఆమెవైపు చూసింది. ఓబులేసు దాన్ని తీసుకుపోయి, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేలా వీధి గోడకి తగిలించాడు.