కొత్త మొహం పెట్టిన తాళాల గుత్తి

రండర్రా, కొంచెం ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతుల్లో ఆ ఫోన్లు కాసేపు బోర్లించి పెట్టండి. నాది పెద్ద గొంతు కాదు, అసలు గొంతే లేదు, దూరంగా ఉంటే వినపడదు.

నేను ఒక తాళాల గుత్తిని. బొడ్లో దోపుకునే ఇనప గుత్తిని కాదు. కంప్యూటర్లో ఇంటర్నెట్ చూసే కిటికీ ఉంటుంది చూడండి, దాని నెత్తిన కుడిచేతి మూల కందిబద్దంత బొమ్మగా కూర్చుని ఉంటాను. పాస్‌వర్డ్ మేనేజర్ అంటారు నన్ను. చదువుకున్నవాళ్ళు ఎక్స్‌టెన్షన్ అని కూడా అంటారు. ఈ రోజుల్లో మనుషులు కరెంటు బిల్లుకో పాస్‌వర్డు, రైలు టిక్కెట్టుకో పాస్‌వర్డు, పిల్లల మార్కులు చూడ్డానికో పాస్‌వర్డు పెట్టుకున్నారు. పెట్టుకుని మర్చిపోతారు. మర్చిపోవడం వాళ్ళ పని, గుర్తుపెట్టుకోవడం నా పని. బడికెళ్ళినదాన్ని కాదు నేను, లోకం పోకడ అంతగా తెలీదు. కానీ ఒక్కసారి నా చెవిన పడ్డ మాట పోదు. అన్నిటికీ కలిపి పెద్ద పాస్‌వర్డు ఒకటుంటుంది, దానితో నన్ను తెరుస్తారు. అదేమిటని మాత్రం అడక్కండి. చెప్పేస్తే ఇంక నేనెందుకు?

నేను పుట్టింది బెంగుళూరులో ఒక మేడమీద గదిలో. నలుగురు కూర్చుని నన్ను రాశారు. అందులో షైలజా నాయర్ అని ఒకమ్మాయి ఉండేది. టీ చల్లారిపోయినా పట్టించుకోదు, తాగుతూనే రాస్తుంది. "పేరు మీద నొక్కాలి, తలుపు తెరుచుకోవాలి. మధ్యలో ఇది ఇంకేం అడగకూడదు" అని పట్టుబట్టింది. మిగతా ముగ్గురూ అలాగే చేశారు. కొన్నాళ్ళకి నలుగురూ కలిసి నన్నొక పెద్ద కంపెనీకి అమ్మేశారు. ఆ సంగతి నాకు ఎప్పుడు తెలిసిందంటారా? సంతలో గేదెకి ఎప్పుడు తెలుస్తుందో అప్పుడే తెలిసింది.

నేను ఒకేసారి వేల ఇళ్ళల్లో ఉంటాను, అన్నిచోట్లా నేనే. కానీ అందరి సంగతులూ చెప్పుకుంటే తెల్లారదు, ఒక్క కంప్యూటరు సంగతి చెబుతాను. అది మొదట విజయనగరంలో ఒక ఆడిటర్ గారిది. ఆయన చాలా జాగ్రత్త మనిషి. పాస్‌వర్డులన్నీ నాకప్పగించి, అవే పాస్‌వర్డులు ఒక చీటీ మీద రాసి కంప్యూటరు అంచుకి అంటించుకున్నాడు. ఆఫీసు మార్చేటప్పుడు చీటీ పీకి జేబులో పెట్టుకున్నాడు, కంప్యూటర్ని అమ్మేశాడు. దాంతోపాటు నేనూ రాజాం చేరాను.

రాజాంలో బస్టాండు వెనక సందులో, గాజుల కొట్టు మేడమెట్ల కింద ఇంటర్నెట్ సెంటరుంది. దాన్ని నడిపేది గౌరీశ్వరి. నలభై దాటిన మనిషి, నోరు కాస్త జోరు, చెయ్యి అంతకంటే జోరు. తెర చూడకుండా టైపు కొట్టేస్తుంది, వచ్చినవాళ్ళతో కబుర్లాడుతూనే. ఇంటర్ అయిన పిల్లలు కాలేజీ కౌన్సెలింగుకి ఆమె దగ్గరికే వస్తారు. వాళ్ళ తరఫున పాస్‌వర్డు పెట్టి నాకిచ్చేస్తుంది. ఎందుకంటే పిల్లలకిస్తే పోగొట్టుకుంటారు, పోగొట్టుకుని ఏడుస్తారు, మళ్ళీ కొత్తది పెడదామంటే ఓటీపీ ఎక్కడో హైదరాబాదులో ఉన్న బాబాయి ఫోనుకి పోతుంది. ఇదంతా ఆమె పడి చూసింది.

ఆమె నాకు పేర్లు అప్పగించే పద్ధతి ఒకటుంది. పిల్లల అసలు పేర్లు రాసేది కాదు. ఆ చుట్టుపక్కల ఒక్కో పేరుకి ఎంతమంది పిల్లలో. అందుకని "జూట్ మిల్లు సరోజిని కూతురు" అని రాసేది. "పూలకొట్టు అప్పలస్వామి రెండోవాడు" అని రాసేది. రోజూ పొందూరు బస్సు తప్పిపోయి ఆలస్యంగా వచ్చే పిల్లకి "బస్సు తప్పింది" అనే పేరు. పిల్ల వచ్చి కుర్చీలో కూర్చోగానే గౌరీశ్వరి నన్ను నొక్కి, "జూట్" అని రెండక్షరాలు కొట్టేది. నేను మిగతావన్నీ పక్కకు తప్పించి ఆ ఒక్క వరసా పైకి తెచ్చేదాన్ని. ఆమె నొక్కేది, తలుపు తెరుచుకునేది. మా ఇద్దరికీ మాటల్లేవు గానీ మంచి పొత్తు.

ఇలా ఉండగా, నన్ను కొన్న పెద్ద కంపెనీ వాళ్ళకి నా మొహం పాతబడిందనిపించింది. చెడ్డవాళ్ళు కారు. కూర్చుని, బొమ్మలు గీసి, పదిమందిని పిలిచి చూపించారు. ఆ పదిమందీ తలా పది పన్నెండు తలుపులున్న మనుషులు. ఒక్కొక్కటి ఒక్కో ఇంటి తలుపు, అంటే ఒక్కో వెబ్‌సైటుది. ఒకే ఇంటికి వీధిలోని పిల్లలందరి తాళాలూ పెట్టుకున్న మనిషొకత్తె మెట్ల కింద కూర్చుని ఉంటుందని వాళ్ళ ఊహకి రాలేదు. రావాలని నేనూ అనను.

అందరికీ సులువవుతుందని నన్ను మార్చారు. వెబ్‌సైటు పేరు పెద్దక్షరాల్లో, మనిషి రాసుకున్న పేరు లోపలి పేజీలోకి. కింద సన్నగా లాగిన్ నంబరు, మా పిల్లలకైతే హాల్ టికెట్ నంబరు, అది పొడుగైతే తోక కోసేసి మూడు చుక్కలు. పైవరసలో ఎప్పుడూ ఆఖరున వాడినది. పేరు మీద నొక్కితే తలుపు తెరుచుకోదు, వివరాలు చూపిస్తుంది. తెరవాలంటే పక్కన చిన్న బాణం గుర్తు నొక్కాలి. వెతకాలంటే ముందు భూతద్దం బొమ్మ నొక్కాలి, నొక్కకుండా టైపు కొడితే ఆ అక్షరాలు ఎటూ కాకుండా పోతాయి. లోపలి పేజీ చూడాలంటే పెద్ద పాస్‌వర్డు మళ్ళీ అడగాలి. నేనేం చేస్తాను? పెట్టిన మొహం పెట్టుకున్నాను.

ఆ కొత్త మొహం రాజాం వచ్చింది కౌన్సెలింగు ఆఖరిరోజు పొద్దున్న. సాయంత్రం ఆరింటికల్లా పిల్లలు తమ కాలేజీల పేర్లు వరసగా పెట్టేయాలి, తరవాత తలుపులు మూసేస్తారు.

పొద్దున్న గౌరీశ్వరి నన్ను నొక్కి, తెల్లబోయి చూసింది. ఎక్కడ చూసినా అదే పెద్దక్షరాల వెబ్‌సైటు పేరు, అదే నంబరు మొదలు, అవే చుక్కలు. ఒకే ఊరి పరీక్షా కేంద్రం కదా, నంబర్ల మొదళ్ళన్నీ ఒకటే. ఇంటినిండా కవలపిల్లలు పుట్టినట్టుంది. "ఏటే నీకొచ్చిన మాయరోగం? నిన్నటిదాకా బాగానే ఉన్నావు కదే" అని నన్నడిగింది. పాత మొహం తెచ్చుకునే దారి ఎక్కడైనా ఉందేమోనని మూలమూలలా వెతికింది. లేదు. వెతుకుతుంటే మధ్యలో ఒక చీటీ లేచి, కొత్త రూపం ఎలా ఉందని అడిగి, మూడు మొహాలు చూపించింది. అది తొందరగా పోతే చాలని చేతికందిన మొహం నొక్కింది. అది నవ్వు మొహం. ఆ నవ్వు వెంటనే కంపెనీ వాళ్ళ లెక్కలోకి వెళ్ళిపోయింది.

అయినా మనిషి గట్టిది. తిట్టుకుంటూనే బాణం గుర్తు కనిపెట్టింది, భూతద్దం కనిపెట్టింది, మధ్యాహ్నానికి దారిలో పడింది. కానీ చెయ్యి వేరు, బుర్ర వేరు. బుర్ర కొత్తది నేర్చుకుంది గానీ చెయ్యి పాతదాన్ని మర్చిపోలేదు.

సాయంత్రం నాలుగు దాటాక వచ్చింది దమయంతి. జూట్ మిల్లు సరోజిని కూతురు. తల్లి షిఫ్టులో ఉంది. పిల్ల చేతిలో మేనమామ సన్యాసిరావు రాసిచ్చిన కాగితముంది. సివిల్ ఇంజినీరింగు చదవాలని ఆ పిల్ల కోరిక, అదీ సర్కారు కాలేజీలో, అనంతపురం అవతలైనా సరే. మేనమామకేమో పొద్దున్న బస్సెక్కి సాయంత్రం దిగే దూరంలోనే చదవాలని. ముందువారమే గౌరీశ్వరి దగ్గర పాస్‌వర్డు రాయించుకుపోయి, వేరే సెంటర్లో తనకి నచ్చిన దగ్గరి కాలేజీలు పెట్టించేశాడు. దమయంతి ఆయనతో మాట్లాడ్డం మానేస్తే, మెత్తబడి కొత్త కాగితం రాశాడు. దూరపు సర్కారు కాలేజీలు మూడూ అందులో ఉన్నాయి. కాగితం అట్టడుగున ఉన్నాయి. పైనున్నవాటిలో ఏది దొరికినా అదే ఇచ్చేస్తారు, అడుగుదాకా రారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, పిల్లకీ తెలుసు.

అంతకుముందే ఆ కుర్చీలోంచి లేచి వెళ్ళాడు పూలకొట్టు అప్పలస్వామి రెండోవాడు, ఢిల్లీశ్వరరావు. తన పని శుభ్రంగా పూర్తి చేయించుకుని, ఒక ప్రింటు పట్టుకెళ్ళి, ఇంకోటి గౌరీశ్వరి దగ్గర వదిలేశాడు. ఆమె నన్ను నొక్కి, దమయంతి కాగితం వంక చూస్తూ, భూతద్దం ముట్టుకోకుండానే "జూట్" అని కొట్టి, పైవరస బాణం నొక్కింది. ఆ అక్షరాలు గాలికి పోయాయి. పైవరసలో ఉన్నది ఢిల్లీశ్వరరావు. నేను అతని తలుపు తెరిచాను. నన్ను తెరవమన్నది తెరిచాను.

లోపల అప్పటికే కాలేజీలు నిండి ఉన్నాయి. గౌరీశ్వరికి వింతనిపించలేదు. ముందువారం మేనమామ పెట్టించినవే అనుకుంది. అన్నీ తీసేసింది. కాగితం ప్రకారం వరసగా పెట్టి, భద్రం చేసి, ప్రింటు ఇచ్చింది.

దమయంతి ప్రింటు పైనుంచి కిందిదాకా చూసుకుంది. తరవాత అంది, "అక్కా, నాకు మీసాలెప్పుడొచ్చాయి?"

గౌరీశ్వరి కాగితం లాక్కుని చూసింది. మూలనున్న ఫొటోలో ఢిల్లీశ్వరరావు, కొత్త మీసం, దువ్విన క్రాపు. ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడింది. టైమ్ ఐదు దాటిపోయింది. అందరూ ఆఖర్నే ఎగబడతారు కదా, వెబ్‌సైటు కూడా నత్తలా నడుస్తోంది.

ఇప్పుడు ముందు ఎవరిది సర్దాలి? తెరిచి ఉన్నది ఆ కుర్రాడి తలుపు. అతనిది పాడైంది ఇక్కడే. మూసి దమయంతిది వెతికి పట్టుకుని పూర్తి చేసేసరికి ఆరు కొడితే, అతని కాలేజీలు పోయినట్టే. అతనిది సర్దుతూ కూర్చుంటే ఈ పిల్ల గతి, ముందువారం మేనమామ పెట్టించిందే. గౌరీశ్వరి గడియారం వంక ఒకసారి, తెర వంక ఒకసారి చూసింది.

దమయంతి బల్ల మీదున్న ఢిల్లీశ్వరరావు ప్రింటు చేతిలోకి తీసుకుంది. కుర్చీ దగ్గరికి లాక్కుని, అందులోని కాలేజీల కోడ్లు ఒక్కొక్కటీ నిదానంగా పైకి చదవడం మొదలెట్టింది. గౌరీశ్వరి కొట్టడం మొదలెట్టింది. ఆ పిల్ల ఒక్కసారి కూడా గోడ గడియారం వంక చూడలేదు. అతను ఎక్కడెక్కడి కాలేజీలో పెట్టుకున్నాడు, అన్నీ చదివింది. ఒకచోట గౌరీశ్వరి తప్పు కొడితే "కాదక్కా, ఇది కాకినాడది" అని దిద్దింది కూడా. అయ్యాక ఫొటో, పేరు రెండూ చూసుకుని భద్రం చేశారు.

అప్పుడు నా దగ్గరికొచ్చారు. కంగారులో భూతద్దం నొక్కినా వెతుకులాట తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. ఇంక ఒక్కో వరసా విప్పి లోపలి పేరు చూడ్డమే. విప్పినప్పుడల్లా నేను పెద్ద పాస్‌వర్డు అడిగాను. అడగమన్నారు మరి. గౌరీశ్వరి ప్రతిసారీ కొట్టింది. పూలకొట్టు, బస్సు తప్పింది, రైస్ మిల్లు గుమస్తా కవలలు, ఒక్కొక్కరే వచ్చారు. అడుగునెక్కడో జూట్ మిల్లు సరోజిని కూతురు దొరికింది.

తలుపు తెరిచేసరికి కొద్ది నిమిషాలే మిగిలాయి. లోపల మేనమామ పెట్టించిన పాత వరస ఉంది. ఒకటో స్థానంలో కొత్తది పెట్టాలంటే ఆ ఉన్నవన్నీ తీసేయాలి. తీసేస్తే మళ్ళీ అన్నీ పెట్టే టైమ్ లేదు, రెండో మూడో పడతాయంతే. గౌరీశ్వరి అవి అలా ఉంచేద్దామంది, కనీసం సీటన్నది వస్తుందంది.

"అక్కా, కాగితం కింద నుంచి చదువుతాను, కొట్టు" అంది దమయంతి.

"ఆ మూడూ రాకపోతే ఏ సీటూ రాదు. మీ మావయ్య నన్ను బతకనిస్తాడేటి?"

"తెలుసు. తీసెయ్యి అక్కా."

గౌరీశ్వరి ఆ పిల్ల మొహం చూసింది. తీసేసింది. అడుగున ఉన్నది ఒకటోది అయింది, దాని పైది రెండోది అయింది, ఆ పైది మూడోది. భద్రం చేసి ప్రింటు నొక్కారు. ఈసారి ఫొటోలో జడలున్న పిల్లే ఉంది. నాలుగోది కొట్టబోతుంటే సమయం ముగిసిందని తెర చెప్పింది.

మర్నాడు సన్యాసిరావు వచ్చి చాలా పెద్ద గొంతుతో అడిగాడు. పాస్‌వర్డుల యంత్రం మారిపోయిందని, టైమ్ చాలలేదని చెప్పింది గౌరీశ్వరి. రెండూ నిజమే. ఏ మూడు పెట్టాలని ఎవరనుకున్నారో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆయన కాసేపు నా వంక చూసి తిట్టాడు. తిట్లు నాకేం బరువు కాదు. ఆ కొత్త మొహంతో నేను ఒకరికి పనికొచ్చింది ఆ ఒక్కసారే.

సీట్లు ఇచ్చిన రోజున దమయంతి సెంటరుకి నడిచి రాలేదు, పరిగెత్తుకొచ్చింది. ఒకటోది రాలేదు. రెండోది వచ్చింది. సర్కారు కాలేజీ, సివిల్, అనంతపురం వైపు. గౌరీశ్వరి టీ తెప్పించింది. తాగుతూ తాగుతూ ఎందుకో ఏడ్చింది, మళ్ళీ తనే నవ్వుకుంది.

ఆ వారమే గౌరీశ్వరి కంపెనీకి పెద్ద ఫిర్యాదు రాసింది, తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి. మీ అభిప్రాయానికి ధన్యవాదాలని జవాబొచ్చింది. ఆ రోజు రాజాంలో ఆ కంప్యూటరు మీద పనులన్నీ పూర్తయినట్టే అక్కడ లెక్క, పైగా నవ్వు మొహం కూడా ఉంది. తరవాత ఆమె తాళాలన్నీ ఇంకో గుత్తికి మార్చుకుని, నా మీద నొక్కి, తీసేయి అంది. నిజంగానేనా అని అడిగాను. అవునంది. ఇదొక్కటీ రెండోసారి అడక్కుండా చేశాను.

నాకు తుక్కు కుప్ప లేదు, గాజు బీరువాలో పెట్టి చూపించేవాళ్ళూ లేరు. మిగతా వేల ఇళ్ళల్లో అదే మొహంతో కూర్చుని ఉన్నాను. ఇంకొన్నాళ్ళకి ఇంకో మొహం పెడతారు. అది కూడా సులువు కోసమే పెడతారు.

ఇంక లేవండి, మీకూ పనులుంటాయి. కానీ ఇది ఇక్కడితో వదిలేయకండి, గుర్తుపెట్టుకుని ఇంకొకరికి చెప్పండి. మెట్ల కింద సెంటర్లో, తన టైమ్ కరిగిపోతుంటే, ఒక పిల్ల ఎవరో కుర్రాడి కాలేజీలన్నీ చివరిదాకా చదివి పెట్టిందని చెప్పండి. నా పేరు చెప్పకపోయినా ఫరవాలేదు. ఆ పిల్ల పేరు దమయంతి.